ఇంగ్లీషు కండిషనల్స్: పట్టిక వచ్చు, మాట్లాడేటప్పుడు నోట రావడం లేదు. ఎలా సాధన చేయాలి?

పెన్నాతీరం (మారతహళ్ళి), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పదో తరగతి దాకా కడప జిల్లాలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను.

ఇఫ్‌తో షరతు చెప్పే వాక్యాలే కండిషనల్స్. ఎప్పుడూ జరిగేదానికి జీరో, జరగవచ్చుననుకునేదానికి ఫస్ట్, ఉత్త ఊహకు సెకండ్, గతంలో జరగనిదాన్ని ఊహించడానికి థర్డ్ కండిషనల్ అని నాలుగు రకాలున్నాయని తెలుసు. పట్టిక వేయమంటే వేస్తాను. ఖాళీలు పూరించమంటే దాదాపు అన్నీ సరిగానే వస్తాయి. కానీ సమావేశంలో "ఆ బిల్లు పోయిన నెలలోనే వచ్చి ఉంటే ఏం చేసేవాళ్ళం?" అన్న అర్థంలో మేనేజరు ఏదైనా అడిగితే గొంతు పెగలదు. తెలుగు వాక్యం మనసులో సిద్ధంగా ఉంటుంది. హాడ్ ఎక్కడ, వుడ్ ఎక్కడ అని వెతుక్కునేలోగా ఇంకొకరు జవాబు చెప్పేస్తారు.

మీరు స్వయంగా చేసి చూసిన పద్ధతులు ఉంటే చెప్పండి. రోజూ రింగ్ రోడ్డు మీద బస్సులో చాలాసేపు కూర్చుంటాను. ఆ సమయంలో చేయగలిగేవైతే మరీ మేలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు (జయనగర్), సోమవారం రాత్రి 10:15

అమ్మా, చిత్తూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా అనుభవంలో ముందు రూపం నాలుక మీదికి రావాలి. గో, వెంట్, గాన్ అనే మూడు రూపాలను తడుముకోకుండా చెప్పలేనివారు "హాడ్ గాన్" అని సమయానికి అనలేరు. తరచుగా వాడే క్రియలు ఓ యాభై తీసుకుని మూడు రూపాలూ పైకి చదవండి.

ఆ తర్వాత ఒకే వాక్యం తీసుకుని అందులో ఒక్కో భాగం మార్చుకుంటూ పోవాలి. "ఇఫ్ ఐ హాడ్ సీన్ ద బిల్, ఐ వుడ్ హావ్ కాల్డ్ యూ." ఇందులో ఐ తీసేసి షి పెట్టండి. బిల్ తీసేసి లెటర్ పెట్టండి. కాల్డ్ తీసేసి టోల్డ్ పెట్టండి. వాక్యం ఎముకలు కదలకూడదు, మాటలు మాత్రమే మారాలి. దక్షిణాది ఉపాధ్యాయుల శిక్షణ కోసం మన బెంగళూరులోనే 1963లో ప్రాంతీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. ఆ తరం ఉపాధ్యాయులందరికీ ఇలాంటి పట్టికలు కొట్టిన పిండి. ఇప్పుడు వాటిని పాతకాలం చదువని పక్కన పెడుతున్నారు. అది నాకు నచ్చదు. నోటికి అలవాటు కాని రూపం అవసరానికి అందదు.

నందివర్ధనం (ఇందిరానగర్), మంగళవారం ఉదయం 7:05

మాస్టారూ, పట్టికల బలం నేనూ ఎరుగుదును. ఉద్యోగులకు ఇంగ్లీషు సంభాషణ నేర్పడం నా వృత్తి. కానీ పెన్నాతీరం గారి ఇబ్బంది రూపం రాకపోవడం కాదనిపిస్తోంది. ఖాళీలన్నీ సరిగా పూరిస్తున్నానని ఆమే రాశారు. ఖాళీలు పూరించే అభ్యాసంలో కష్టమైన పనిని ప్రశ్న తయారుచేసినవారే చేసి పెడతారు. "ఇఫ్ ఐ హాడ్ నోన్" అని సగం వాక్యం అచ్చువేసి ఇస్తే మిగతా సగం దానంతట అదే వస్తుంది. మాట్లాడేటప్పుడు ఆ మొదటి సగం మనకు ఎవరూ ఇవ్వరు. ఇది జరగవచ్చా, ఉత్త ఊహా, అయిపోయినదాన్ని తలకిందులు చేసి చూస్తున్నామా అన్నది మనమే తేల్చుకోవాలి. సాధన చేయవలసింది ఆ తేల్చుకోవడాన్ని.

తెలుగువారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బడిలో చేదర్థకం, అంటే ఉంటే, వస్తే లాంటి షరతు రూపం, చదువుకున్నాం కదా. ఈ రెండు వాక్యాలు చూడండి.

డబ్బు ఉంటే ఇల్లు కొంటాను.
డబ్బు ఉంటే ఇల్లు కొనేదాన్ని.

"డబ్బు ఉంటే" రెండింటిలోనూ ఒక్కటే. కొంటానా, కొనేదాన్నా అన్నది వాక్యం చివర తేలుతుంది. అంటే నోరు తెరిచాక కూడా ఆలోచించుకోవడానికి తెలుగు మనకు వ్యవధి ఇస్తుంది. ఇంగ్లీషు ఇవ్వదు. "ఇఫ్ ఐ హావ్ ద మనీ, ఐ విల్ బై ఎ హౌస్." "ఇఫ్ ఐ హాడ్ ద మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్." మూడో మాట దగ్గరే హావా, హాడా అని తేల్చేయాలి. మనం తెలుగు అలవాటుతో ఇఫ్ ఐ అని మొదలుపెట్టి, చివర్లో చూసుకుందాంలే అనుకుంటాం. అక్కడే ఆగిపోతాం.

ఇంకొకటి. "కొనేదాన్ని" అనేది ఇప్పటి ఊహకూ సరిపోతుంది, నిన్నటి విషయానికీ సరిపోతుంది. కచ్చితంగా గతమే అని చెప్పాలనుకున్నప్పుడు "ఉండి ఉంటే" అంటాం. ఇంగ్లీషులో ఆ రెండూ తప్పనిసరిగా వేరు: ఇప్పటి ఊహకు వుడ్ బై, గడిచిపోయినదానికి వుడ్ హావ్ బాట్.

నా సలహా ఏమిటంటే కొన్నాళ్ళు వాక్యాన్ని ఫలితంతో మొదలుపెట్టండి. "ఐ వుడ్ హావ్ కాల్డ్ యూ ఇఫ్ ఐ హాడ్ సీన్ ద బిల్." తెలుగులో చివర వచ్చేది ఇక్కడ ముందుకు వస్తుంది. విల్, వుడ్, వుడ్ హావ్ మూడింటిలో ఒకటి ఎంచుకోకుండా నోరు తెరవడమే కుదరదు. అది ఎంచుకున్నాక ఇఫ్ భాగం దాని వెంట వచ్చేస్తుంది.

లాగ్ ఫైలు (వైట్‌ఫీల్డ్), మంగళవారం మధ్యాహ్నం 1:20

నందివర్ధనం గారు చెప్పింది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇంకోలా తగులుతుంది. రోజంతా ఇఫ్, ఎల్స్ రాస్తూ ఉంటాం కాబట్టి షరతు వాక్యాలు మాకు కొట్టిన పిండి అనుకుంటాం. ప్రోగ్రాములోని ఇఫ్‌కు అవును, కాదు రెండే తెలుసు. "అలా జరిగి ఉంటే" అన్న ఊహ దానికి లేదు. అందుకని జీరో, ఫస్ట్ దగ్గర మాకు ఇబ్బంది ఉండదు, సెకండ్ దగ్గర మొదలవుతుంది.

థర్డ్ కండిషనల్ సాధనకు మా పనిలోనే మంచి చోటు ఉంది. సర్వరు ఆగిపోయిందంటే తర్వాత ఒక నివేదిక రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం చేసి ఉంటే జరిగేది కాదు. ఆ మూడో భాగమంతా థర్డ్ కండిషనలే. "ఇఫ్ ద అలర్ట్ హాడ్ బీన్ ఎనేబుల్డ్, ద టీమ్ వుడ్ హావ్ నోటీస్డ్ ద ఫెయిల్యూర్ ఎర్లియర్." ఇందులో ఎవరి పేరూ ఎత్తనవసరం లేదు. నింద లేకుండా కారణం చెప్పడానికి ఇంత చక్కని వాక్యం ఇంకొకటి దొరకదు.

వుడ్ హావ్‌కు, మైట్ హావ్‌కు తేడా నేను అక్కడే పట్టించుకోవడం మొదలుపెట్టాను. "వుడ్ హావ్ నోటీస్డ్" అంటే తప్పకుండా గమనించేవాళ్ళు అని హామీ ఇస్తున్నట్టు. అంత ఆధారం లేకపోతే "మైట్ హావ్ నోటీస్డ్" అనాలి, గమనించే అవకాశం ఉండేదని అర్థం. "కుడ్ హావ్ నోటీస్డ్" అంటే గమనించగలిగేవాళ్ళు, ఆ వీలు ఉండేది అని. వ్యాకరణ పుస్తకాలు ఈ మూడింటినీ ఒకే గడిలో పెట్టి వదిలేస్తాయి. నివేదిక చదివేవారు మాత్రం ఆ ఒక్క మాట మీదే ప్రశ్న వేస్తారు.

పదో తరగతి అమ్మ (కె.ఆర్.పురం), మంగళవారం సాయంత్రం 6:50

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇదే విషయం. మా అమ్మాయి పుస్తకంలో జీరో కండిషనల్‌కు "ఇఫ్ యూ హీట్ వాటర్ టు 100 డిగ్రీస్, ఇట్ బాయిల్స్" అని ఉంది. బెంగళూరు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీరు అంతకంటే ముందే మరుగుతుందని, వాక్యం తప్పని వాదిస్తోంది. ఏమని చెప్పాలి?

లాగ్ ఫైలు, మంగళవారం సాయంత్రం 7:10

మీ అమ్మాయి చెప్పింది నిజం. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి నీరు దాదాపు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 100 డిగ్రీల లెక్క చెన్నై లాంటి సముద్ర తీర పట్టణాలకు సరిపోతుంది.

నందివర్ధనం, మంగళవారం రాత్రి 8:30

చాలా మంచి ప్రశ్న. వాక్య నిర్మాణంలో తప్పేమీ లేదు, షరతు సగమే చెప్పారు. "ఎట్ సీ లెవెల్" అని ముందు చేర్చమనండి. ఎప్పుడు చేసినా అదే ఫలితం వచ్చేదానికే జీరో కండిషనల్ వాడాలి. అందుకే అందులో ఇఫ్ తీసి వెన్ పెట్టినా అర్థం పెద్దగా మారదు. ఫస్ట్ కండిషనల్‌లో అలా కాదు. "ఇఫ్ షి కమ్స్" అంటే వస్తుందో రాదో తెలియదు, "వెన్ షి కమ్స్" అంటే రావడం ఖాయం.

ఇదీ మనవాళ్ళు జారే చోటే. తెలుగులో ఖాయంగా జరిగేదానికి కూడా చేదర్థకం వాడతాం. "తెల్లవారితే పరీక్ష" అంటాం. తెల్లవారుతుందో లేదో అన్న అనుమానం అందులో లేదు. దాన్ని ఇఫ్‌తో ఇంగ్లీషులో పెట్టకూడదు. "ద ఎగ్జామ్ ఈజ్ టుమారో మార్నింగ్" అంటే సరిపోతుంది.

పెన్నాతీరం, బుధవారం రాత్రి 9:15

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. ఈ రోజు బస్సులో కూర్చుని కొన్ని వాక్యాలు అల్లాను. దయచేసి ఎవరైనా దిద్దండి.

"ఇఫ్ ద బస్ విల్ కమ్ లేట్, ఐ విల్ టేక్ ఎన్ ఆటో."
"ఇఫ్ మై ఆఫీస్ వాజ్ నియర్ మై హౌస్, ఐ వుడ్ వాక్."
"ఇఫ్ ఐ వుడ్ హావ్ లెఫ్ట్ ఎట్ సెవెన్, ఐ వుడ్ హావ్ గాట్ ఎ సీట్."
"అన్‌లెస్ యూ డోంట్ సెండ్ ద బిల్, వి కెనాట్ పే."

నందివర్ధనం, బుధవారం రాత్రి 10:00

వాక్యాలన్నీ మీ జీవితంలోంచే తీసుకున్నారు, అదే కావలసింది.

మొదటిదానిలో విల్ ఒక్కచోటే ఉండాలి. "ఇఫ్ ద బస్ కమ్స్ లేట్." భవిష్యత్తు సంగతి ఫలితం వైపు ఉన్న విల్ చెబుతుంది. ఇఫ్ పక్కన విల్ వచ్చే సందర్భాలు కొన్ని లేకపోలేదు. "ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్" అంటే "దయచేసి ఒక్క నిమిషం ఆగితే" అని మర్యాద. అక్కడి విల్ సమ్మతికి గుర్తు, కాలానికి కాదు. ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టండి.

రెండోది బాగుంది. మాటల్లో వాజ్ వినిపిస్తుంది, పరీక్షలోనూ అధికారిక ఉత్తరాల్లోనూ వర్ రాయండి. "ఇఫ్ ఐ వర్ యూ" మాత్రం ఉన్నదున్నట్టే పట్టుకోండి.

మూడోదానిలో మొదటి వుడ్ హావ్ తీసేసి హాడ్ పెట్టండి: "ఇఫ్ ఐ హాడ్ లెఫ్ట్ ఎట్ సెవెన్."

నాలుగోదానిలో అన్‌లెస్‌లోనే కాదనడం ఉంది. పక్కన డోంట్ చేరిస్తే మీరనుకున్నదానికి సరిగ్గా ఎదురు అర్థం వస్తుంది: మీరు బిల్లు పంపితే చెల్లించలేం అని. మన "పంపకపోతే" నుంచి వచ్చే అలవాటిది. "పంపితే తప్ప" అనుకుని మొదలుపెడితే సరిగా వస్తుంది: "వి కెనాట్ పే అన్‌లెస్ యూ సెండ్ ద బిల్." ఇది మీ ఉద్యోగంలో రోజూ పనికొచ్చే వాక్యం, నోటికి పట్టించండి.

లాగ్ ఫైలు, గురువారం ఉదయం 8:45

మూడో వాక్యం గురించి ఒక సందేహం. మా అమెరికా బృందంలో చాలామంది "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అనే అంటారు. పుట్టి పెరిగిన భాష అయినవాళ్ళు అంటున్నప్పుడు మనకెందుకు తప్పు?

విశ్రాంత ఉపాధ్యాయుడు, గురువారం ఉదయం 11:30

అక్కడ మాటల్లో అలా అంటారు, అది నిజమే. అయినా జాగ్రత్తగా రాసిన పుస్తకంలోనో, పత్రికలోనో అది కనబడదు. పరీక్షలో అయితే దిద్దేవారు తప్పుగానే లెక్కిస్తారు. మన పిల్లలకు రెండు రూపాలు ఒకేసారి నేర్పితే రెండూ కలగాపులగం అవుతాయి. విన్నప్పుడు అర్థం చేసుకోండి, రాసేటప్పుడు హాడ్ రాయండి. ఈ విషయంలో నేను మెత్తబడను.

నందివర్ధనం గారి మాట గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. తీర్పు చివర్లో వస్తుంది కాబట్టి మనవాళ్ళు ఇఫ్ దగ్గర తడబడతారన్న విశ్లేషణ నాకు బాగా నచ్చింది. కానీ ఫలితంతో మొదలుపెట్టే సాధనకు కూడా కాల్డ్, సీన్, గాన్ నోట్లో సిద్ధంగా ఉండాలి కదా. రూపసాధన ఉదయం, నిర్ణయసాధన సాయంత్రం అని పెట్టుకోవచ్చు. ఒకదాని కోసం ఇంకొకదాన్ని మానవద్దు.

కోలారు బంగారం (బంగారపేట రోడ్డు నుంచి బెంగళూరుకు వచ్చినవాణ్ణి), గురువారం రాత్రి 9:00

ఇక్కడ ఎవరూ మిక్స్‌డ్ కండిషనల్ గురించి, అంటే రెండు రకాలు కలిసిన వాక్యం గురించి మాట్లాడలేదు. నాకు అన్నిటికంటే ప్రియమైనది అదే. మా తాత, నాన్న కె.జి.ఎఫ్. (కోలారు గోల్డ్ ఫీల్డ్స్) బంగారు గనుల్లో పని చేశారు. మా వీధిలో తమిళం, తెలుగు, కన్నడం ఒకే గుమ్మంలో వినిపించేవి. 2001లో గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత ఎన్నో కుటుంబాల్లాగే మేమూ బెంగళూరు రైలు పట్టుకున్నాం.

"ఇఫ్ ద మైన్స్ హాడ్ నాట్ క్లోజ్డ్ ఇన్ 2001, అవర్ ఫ్యామిలీ వుడ్ స్టిల్ బి ఇన్ కె.జి.ఎఫ్."

ఇఫ్ వైపు గతం, ఫలితం వైపు ఈ రోజు. అప్పుడు జరిగినదాని వల్ల ఇప్పుడు మనం ఉన్న చోటు. ఈ వాక్యాన్ని థర్డ్ కండిషనల్‌లో "వుడ్ హావ్ బీన్" అని బిగిస్తే మా సంగతి చెప్పినట్టు కాదు, ఎందుకంటే మేం బతుకుతున్నది ఇప్పుడు. వలస వచ్చినవాళ్ళందరి దగ్గరా ఇలాంటి వాక్యం ఒకటైనా ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోండి, మిక్స్‌డ్ కండిషనల్ ఇక మరచిపోరు.

మా ఊరి గురించి పిల్లలకు ఇంకో వాక్యం చెబుతుంటాను. గనులకు కరెంటు అవసరమై 1902లో శివనసముద్రం దగ్గర కావేరి మీద జలవిద్యుత్తు కేంద్రం నడపడం మొదలుపెట్టారు. 1905లో బెంగళూరు వీధి దీపాలకు కూడా అక్కడి కరెంటే వచ్చింది. "ఇఫ్ ద గోల్డ్ మైన్స్ హాడ్ నాట్ నీడెడ్ పవర్, బ్యాంగళూర్ మైట్ నాట్ హావ్ గాట్ ఎలెక్ట్రిక్ లైట్స్ సో ఎర్లీ." లాగ్ ఫైలు గారు చెప్పిన మైట్ హావ్ ఇక్కడ తప్పనిసరి. వేరే దారిలో కరెంటు వచ్చేదేమో, ఎవరు చెప్పగలరు?

పనిలో పనిగా, సెకండ్ కండిషనల్‌లో ఇప్పటి విషయానికి గతకాల రూపం ఎందుకని చాలామంది అడుగుతుంటారు. కన్నడం, తమిళం వచ్చినవారికి అది అంత వింత కాదు. కన్నడంలో "బందరె", తమిళంలో "వందాల్". రెండింటిలోనూ ముందున్నది గతకాలపు ధాతురూపమే, అర్థం మాత్రం "వస్తే". ఇఫ్ పక్కన కనిపించే గతరూపం కాలాన్ని కాక దూరాన్ని చెబుతుందనుకుంటే సెకండ్ కండిషనల్ తేలిగ్గా ఎక్కుతుంది.

పదో తరగతి అమ్మ, గురువారం రాత్రి 10:20

కోలారు బంగారం గారూ, మీ వాక్యం మా అమ్మాయికి చదివి వినిపించాను. తను వెంటనే నీళ్ళ మీద ఒకటి రాసింది. 2023లో వానలు సరిగా పడలేదు, 2024 వేసవిలో మా అపార్టుమెంటు బోరు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూశాం. "ఇఫ్ ఇట్ హాడ్ రెయిన్డ్ వెల్ ఇన్ 2023, అవర్ బోర్‌వెల్ వుడ్ నాట్ హావ్ డ్రైడ్ అప్ ఇన్ 2024." ఇది సరేనా?

నందివర్ధనం, శుక్రవారం ఉదయం 6:55

అక్షరాలా సరిగా ఉంది. ఈ వాక్యంతోనే మంచి పరీక్ష చెబుతాను, మీ అమ్మాయితో చేయించండి. థర్డ్ కండిషనల్ వాక్యానికి అడుగున రెండు నిజాలు ఉండాలి. వాన సరిగా పడలేదు. బోరు ఎండిపోయింది. ఈ రెండింటినీ తలకిందులు చేస్తేనే వాక్యం అవుతుంది: లేదు అన్నది ఉంది అవుతుంది, ఉంది అన్నది లేదు అవుతుంది. పైకి చెప్పిన వాక్యంలో నుంచి ఆ రెండు నిజాలను వెనక్కి లాగి రాయగలిగితే అర్థం పట్టుబడ్డట్టే. ఇంట్లో ఇద్దరు కూర్చుని చేయడానికి ఇది బాగుంటుంది. ఒకరు రెండు నిజాలు చెప్పాలి, ఇంకొకరు వాటిని కండిషనల్ చేయాలి, తర్వాత స్థానాలు మార్చుకోవాలి. పశ్చాత్తాపాలే వెతకవద్దు, ఊరట కలిగించినవి కూడా తీసుకోండి. "ఇఫ్ ఐ హాడ్ నాట్ క్యారీడ్ ఎన్ అంబ్రెల్లా, ఐ వుడ్ హావ్ గాట్ వెట్." కాదు అనే మాట ఎటువైపు వస్తుందో చూసుకోవడానికి ఇవి ఎక్కువ పనికొస్తాయి.

పెన్నాతీరం గారికి బస్సులో చేసే పని ఒకటి. కిటికీలోంచి కనిపించే ఒక్క విషయం తీసుకుని మూడు వాక్యాలు అనుకోండి. సిల్క్ బోర్డు కూడలి దగ్గర బండ్లు ఆగి ఉన్నాయనుకుందాం. "ఇఫ్ ద సిగ్నల్ చేంజెస్ నౌ, వి విల్ రీచ్ బై నైన్." "ఇఫ్ టుడే వర్ సండే, దిస్ రోడ్ వుడ్ బి ఎంప్టీ." "ఇఫ్ ఐ హాడ్ టేకెన్ ద ఎర్లియర్ బస్, ఐ వుడ్ హావ్ మిస్డ్ దిస్ ట్రాఫిక్." చూస్తున్న రోడ్డు ఒకటే, మారింది మీ చూపు. మూడింటినీ పక్కపక్కన అనుకుంటేనే నిర్ణయం అలవాటవుతుంది. వారమంతా సెకండ్, మరో వారమంతా థర్డ్ అని విడగొట్టి చేస్తే మళ్ళీ ఖాళీలు పూరించినట్టే.

ఎగిరే గువ్వ (ఎలక్ట్రానిక్ సిటీ), శుక్రవారం మధ్యాహ్నం 2:10

నేను విదేశాలకు వెళ్ళేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధమవుతున్నాను. మాట్లాడే పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మూడో భాగంలో "వాట్ వుడ్ హాపెన్ ఇఫ్" అన్న తరహా ప్రశ్నలు వచ్చే అవకాశం ఎక్కువ. వ్యాకరణంలో వైవిధ్యం, కచ్చితత్వం చూసే అంశానికి నాలుగో వంతు విలువ ఉంది. కాబట్టి ఈ చర్చ నాకు చాలా ఉపయోగం.

నా కష్టం వినడంలో. "ఐడ్" అని వినిపిస్తే అది ఐ హాడా, ఐ వుడ్డా తెలియదు. "ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హావ్ కమ్" అన్నప్పుడు రెండూ ఒకేలా వినబడతాయి.

నందివర్ధనం, శుక్రవారం రాత్రి 9:30

ఆ డ్ తర్వాత వచ్చే మాటను పట్టుకోండి. నోన్, సీన్, గాన్ లాంటి మూడో రూపం వస్తే అది హాడ్. గో, సీ, నో లాంటి మొదటి రూపం గానీ, హావ్ గానీ వస్తే అది వుడ్. మీ వాక్యంలో మొదటిదాని తర్వాత నోన్ ఉంది కాబట్టి హాడ్, రెండోదాని తర్వాత హావ్ ఉంది కాబట్టి వుడ్. కమ్, పుట్, కట్ లాంటి క్రియలకు మొదటి రూపమూ మూడో రూపమూ ఒకటే కాబట్టి అక్కడ సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఇంకో సంగతి, వేగంగా మాట్లాడేవారి నోట వుడ్ హావ్‌లోని హావ్ "వుడవ్" అన్నట్టు కరిగిపోతుంది. మీరు అలా పలకాలని లేదు, చెవికి మాత్రం అలవాటు చేసుకోండి. చిన్న సంభాషణ ఏదైనా విని, ప్రతి డ్‌నూ విప్పి పూర్తి మాటగా రాయండి. నా విద్యార్థులకు నేను ఇచ్చే అభ్యాసాల్లో వేగంగా ఫలం ఇచ్చేది ఇదే.

పరీక్షలో ఇంకొక జాగ్రత్త: ప్రశ్న వుడ్‌తో వస్తే జవాబూ వుడ్‌తోనే మొదలుపెట్టండి. చాలామంది మధ్యలో విల్‌లోకి జారిపోతారు. ఊహించి చెబుతున్నది ఒక్కసారిగా జరగబోయేదైపోతుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, శనివారం ఉదయం 9:10

ఎగిరే గువ్వ గారికి రాతపరీక్ష కోసం ఒక్క మాట. ఇఫ్ తీసేసి క్రియను ముందుకు తెచ్చే పద్ధతి ఉంది. "హాడ్ ఐ నోన్, ఐ వుడ్ హావ్ కమ్." "షుడ్ యూ నీడ్ ఎనీ హెల్ప్, ప్లీజ్ కాల్ దిస్ నంబర్." కార్యాలయ ఉత్తరాల్లో ఇవి హుందాగా ఉంటాయి. సంభాషణలో వాడితే బిగుసుకుపోయినట్టు ఉంటుంది కాబట్టి రాతకే ఉంచుకోండి.

ఇన్ కేస్ గురించి కూడా చెప్పాలి. మనవాళ్ళు దాన్ని ఇఫ్‌కు బదులు వాడేస్తున్నారు. "టేక్ ఎన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్" అంటే వాన పడవచ్చు కాబట్టి ముందే పట్టుకెళ్ళమని. ఇఫ్ పెడితే వాన పడినప్పుడే పట్టుకెళ్ళమని. బెంగళూరు వానలకు మొదటిదే సరైన సలహా.

పెన్నాతీరం, ఆదివారం సాయంత్రం 5:30

మాస్టారూ, ఉదయం క్రియారూపాలు, సాయంత్రం బస్సులో మూడేసి వాక్యాలు అని మొదలుపెట్టాను. శుక్రవారం సమావేశంలో ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు ఎలా జరిగిందన్న చర్చ వచ్చింది. ముందు ఫలితం అనుకుని, ఆ తర్వాత నోరు తెరిచాను. రెండు వాక్యాలు నిలబడి చెప్పగలిగాను. మేనేజరు వాటిని అలాగే నివేదికలో రాయమన్నారు. ఇవీ ఆ రెండు, ఇంకా నిన్న రాసుకున్న మరో రెండు. చూడండి.

"ఐ వుడ్ హావ్ స్టాప్డ్ ద పేమెంట్, ఇఫ్ ఐ హాడ్ సీన్ ద సెకండ్ బిల్."
"ఇఫ్ బోత్ బిల్స్ హాడ్ ద సేమ్ నంబర్, ద సిస్టమ్ వుడ్ హావ్ రిజెక్టెడ్ ద సెకండ్ వన్."
"వి విల్ నాట్ పే అన్‌లెస్ ద వెండర్ కన్ఫర్మ్స్ ద నంబర్."
"ఇఫ్ ఐ హాడ్ నాట్ కమ్ టు బెంగళూరు, ఐ వుడ్ బి టీచింగ్ ఇన్ అవర్ విలేజ్ స్కూల్ నౌ."

విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదివారం రాత్రి 8:05

నాలుగోది చక్కని మిక్స్‌డ్ కండిషనల్. కోలారు బంగారం గారు చూస్తే సంతోషిస్తారు. మూడోదానిలో మార్చవలసింది ఏమీ లేదు.

రెండోదానిలో ఆ బిల్లులు వచ్చినప్పటి సంగతి చెబుతున్నారు కాబట్టి "హాడ్ హాడ్ ద సేమ్ నంబర్" అని ఉండాలి. మొదటి హాడ్ సహాయక క్రియ, రెండోది హావ్‌కు మూడో రూపం. పక్కపక్కన రెండు హాడ్‌లు చూసి భయపడి ఒకటి కొట్టేయకండి, రెండూ కావాలి. పైకి చదివేటప్పుడు మొదటిది తేలిగ్గా, రెండోది గట్టిగా పలకండి.

మొదటిదానిలో కామా అక్కర్లేదు. ఇఫ్ భాగం ముందు వచ్చినప్పుడే కామా పెడతాం, ఫలితం ముందు వస్తే పెట్టం. నివేదిక పంపేలోగా ఈ రెండూ సరిచేయండి.